నూట పద్నాలుగు

వేల్స్ కొండల్లో అక్టోబరు నుంచీ వానే.
వారమంతా నెరిస్ స్కూలు బస్సు నడుపుతుంది;
ఆదివారం మాత్రం నంబరు నూట పద్నాలుగు.

మూడో చుట్టులో గేర్లు మాట వినడం మానేశాయి.
బాకీ వసూలుకొచ్చినవాడిలా
చక్రాన్ని పట్టుకుని వదల్లేదు బురద.
దిగింది. సైకిల్ని భుజానికెత్తుకుంది,
ఇన్నాళ్లూ తనను మోసినందుకు
రుణం తీర్చుకుంటున్నట్టు.

పైన్ చెట్ల వేళ్ల దగ్గర గెథిన్,
తెగిన చైను చేతిలో,
చచ్చిన పామును పట్టుకున్నట్టు.
"లింకేమైనా ఉందా?"
ఒక్కటే ఉంది. ఇచ్చింది.
బిగించుకుని వాడు ఆమెనే దాటిపోయాడు.

గీత దగ్గర ఎవరూ లేరు,
టెంటు విప్పుతున్న కుర్రాడు తప్ప.

పెరట్లో గొట్టంతో కడుగుతుంటే
ముందు సైకిలు నీలం బయటపడింది,
తర్వాత మోకాలి ఎరుపు.
వచ్చే ఆదివారమూ వానేనట.
నెరిస్ నూనె డబ్బా వెతుకుతోంది.