చిల్లర

డ్యూటీ దిగొచ్చి, పాలగిన్నె కింద అనుకొని
పక్క పొయ్యి వెలిగించినాను.
దాని మీద ఖాళీ పెనం,
చీటీ పాటలో బహుమతిగా వచ్చిన నల్లటి నాన్‌స్టిక్ పెనం.
మదనపల్లె నైటు సర్వీసు. కళ్ళల్లో ఇంకా
భాకరాపేట ఘాటు మలుపులు తిరుగుతా ఉన్నాయి.
కుర్చీలో కూలబడింది గుర్తుంది.
వాసన నాకు తెలీలేదు.
చిల్లరకి తెలిసింది.

చిల్లర నా పిట్ట.
కాక్‌టైల్. బూడిద ఒళ్ళు, పసుపు కుచ్చు,
చెంపకొక నారింజ బిళ్ళ.
అడగడం మరిచి దిగిపోయినోళ్ళ రూపాయిలు
ఏడాదిన్నర డబ్బాలో వేసి
కొర్లగుంటలో ఒకాయన దగ్గర కొన్నాను.
అందుకే ఆ పేరు.
నా విజిలు విని విని నేర్చింది.
ఒకటి ఊదితే ఆపు,
రెండు ఊదితే పోనీ.
నేను గడప దాటేటప్పుడు రెండు,
తిరిగొచ్చి తాళం తీస్తే ఒకటి.
ఇంట్లో కండక్టరు అదే.

దబ్బుమనే చప్పుడుకి లేచినాను.
పంజరం అడుగున, కొర్రల పొట్టులో,
రెక్కలు కొంచెం విడిచి, నోరు తెరిచి,
తోకతో ఊపిరి తీస్తా ఉంది.
తోక పైకి, తోక కిందికి,
నీళ్ళు పడని చేతిపంపు.

పొయ్యి కట్టేసి, పంజరం ఎత్తుకొని డాబా మీదికి.
ఎదురింటి మునిరత్నమక్క పళ్ళపుల్లతోనే వచ్చి
"నీళ్ళు పొయ్యవే నోట్లో" అనింది.
పోసేదాన్నే. చెంచా కూడా తెచ్చినాను.
ఆ తెరిచిన నోరు దాహం కాదని
ఎట్లా తోచిందో, చెయ్యి ఆగిపోయింది.

చెప్పుల డబ్బాకి బొక్కలు పొడిచి
పాత ఖాకీ చొక్కా పరిచి
గుర్రప్ప ఆటోలో పశువుల ఆస్పత్రికి.
"బిన్నా పోనీ" అంటే
"గుంతల్లో ఎగిరి పడితే అదేమైపోవాల?" అన్నాడు.
డబ్బా ఒళ్ళో. తొంభై గ్రాములు.
దీనికి లగేజీ టికెట్టు కూడా కొట్టము.
దోవ పొడుగునా ఆ రూపాయిలే గుర్తుకొచ్చినాయి.
పీలేరులో దిగిపోయిన ముసలాయన,
రంగంపేటలో చంకబిడ్డతో పరిగెత్తిన ఆమె.
ఒక్కొక్కరినీ పిలిచి, మనసులోనే
తిరిగిస్తా పోయినాను.

మేకల వెనక, ఒక గేదె వెనక, వరస.
బ్యాడ్జి మీద నఫీసా అని ఉండే పిల్ల
వరస దాటించి లోపలికి పిలిచింది.
"గట్టిగా పట్టుకోవద్దక్కా,
రొమ్ము కదిలితేనే పిట్టకి గాలి."
అప్పుడు చూసుకున్నాను నా వేళ్ళు.

బిస్కెట్ల ప్లాస్టిక్ డబ్బా, దానికొక గొట్టం.
ఎద్దులకి పెట్టే సిలిండరు నుంచి
సన్నంగా గాలి.
"ఇంట్లో ఏమైనా మాడిందా?"
పెనమని చెప్పినాను.
రాస్తున్న పెన్ను ఆపింది.
"ఆ పొగ కంటికి కనపడదక్కా. చానా వరకు నిలవవు."
'చానా వరకు' అనే మాటలో
కొంచెం సందుంది,
ఫుట్‌బోర్డు మీద ఒంటికాలికి పట్టేంత.
రాత్రంతా అక్కడే వేలాడినాను.

తెల్లారి నాలుగుకి నోరు మూసింది.
అయిపోయిందనుకున్నాను.
"మూసుకుంటే మంచిదే, గమ్మునుండక్కా,"
ఆవులిస్తా అనింది నఫీసా,
"ముక్కుతో తీస్తా ఉంది."

తొమ్మిది దినాలు తాలింపు లేదు,
ఊదొత్తి లేదు, శుక్రవారం సాంబ్రాణి లేదు.
పూటకొకసారి దుప్పటి కింద మందు ఆవిరి.
మునిరత్నమక్క దోమల చుట్ట మానేసి
రాత్రిళ్ళు దోమల్ని తిట్టుకుంటా పడుకునింది.
పెనానికి మేకుతో చిల్లు పొడిచి
పాత సామాన్లాయనకి వేసినాను.
ఎవురింట్లో ఏ పిట్టుందో.
బదులు ఎర్రగడ్డలు కూడా అడగలేదు.

పదో దినం డ్యూటీకి పోతా
గడప మీద ఆగినాను.
ఒకటి ఊదింది.
ఈల కాదది, తుప్పు పట్టిన గేటు.
రెండోదానికి నోరు తెరిచింది,
తోక ఒకసారి ఊగింది,
రాలేదు.
చెంపబిళ్ళలు నా వైపే పెట్టి చూస్తా ఉంది.

ఆ మిగిలిన ఒకటి
నేనే ఊదినాను, చిన్నగా,
దానికి నేను బాకీ పడినట్టు.