చింతగింజ రంగు

రాణిగంజ్‌లో ఖుత్బుద్దీన్ సేట్ దుకాణంలో
అట్ట మీద ఎనిమిది చెక్కపేళ్లు అంటించి ఉన్నాయి,
ఒక్కోదానికి ఒక్కో రంగు.
తేనె, బెల్లంపాకం, కాచు, ఇటుకపొడి...
ఆఖరిదాని మీద వేలు పెట్టాను.
ఓమనగుంటల పీటలో ఆడి ఆడి
మెరుగెక్కిన చింతగింజలా ఉంది.

"ఆలోచించుకోండమ్మా," అన్నాడు డబ్బా తుడుస్తూ,
"లేతనించి ముదురుకి పోవచ్చు.
ముదురునించి లేతకి తొవ్వ లేదు."
అర లీటరు చాలన్నాను. లీటరు చేతికిచ్చాడు.
"మెట్లన్నాక మలుపుంటది కదా."

బర్కత్‌పురా డిపో లెక్కల సెక్షన్లో వారం సెలవు.
కారణం గడిలో "ఇంటిపని" అని రాస్తే
ఇంటిపనికి సెలవు పెట్టిన ఆడదాన్ని
ఇప్పుడే చూస్తున్నానన్నాడు సూపర్నెంటు.

ఎనభై నంబరు రేగ్‌మాల్‌తో మొదలు.
పాత వార్నిష్ పసుపచ్చని నుసై రాలింది
కనుబొమల మీద, మంచినీళ్ల బిందె మూత మీద,
విప్పి పెట్టిన కళ్లజోడు మీద.
తర్వాత నూట ఇరవై. తర్వాత రెండొందల ఇరవై.
కమ్మీలు ఇరవై మూడు.
ఒక్కోదాని మెడ చుట్టూ కాగితం తిప్పడమంటే
పసివాడి మెడ మడతల్లో మట్టి తీయడమే.
ఆ మడతల్లో ఆకుపచ్చ దొరికింది.
మాకన్నా ముందున్నవాళ్లెవరో
ఒకప్పుడు దీనికి చిలకపచ్చ ఎనామిల్ కొట్టారు,
తర్వాత మనసు మార్చుకున్నారు,
పూర్తిగా మార్చుకోలేకపోయారు.

"పాలిష్ వాణ్ణి పిలిస్తే రెండ్రోజుల పని"
అని మూడుసార్లన్నాడు భూమేశ్.
నాలుగోసారి అనబోయి
చీపురందుకున్నాడు.

పాత బనీను ముక్క ముంచి చారల వెంటే పూయాలి.
గడియారం చూసుకుని
పొడిగుడ్డతో తుడిచెయ్యాలి.
పూసింది కాదు రంగు, తుడిచాక మిగిలింది.
టేకు చారలు ఒక్కొక్కటే పైకొచ్చాయి,
వాన వెలిశాక ఇసుకలో నీటి జాడల్లా.

మలుపు దగ్గర మాత్రం జానెడు మేర
రంగు పట్టలేదు.
గీకాను. థిన్నర్‌తో తుడిచాను. మళ్లీ పూశాను.
అలిగిన పిల్ల నోట్లో ముద్దలా
ఎంత పెడితే అంతా బయటికే వచ్చింది.

సేట్‌కి ఫోన్ చేశాను.
"చేతి జిడ్డమ్మా. వార్నిష్ అరిగిపోయినంక
చెక్కలకి దిగి కూసుంటది.
ఏండ్లకేండ్లది. రంగుకి జాగా ఇయ్యదు."

ఎవరి చెయ్యి?
నాది కాదు. బట్టల బకెట్టుతో మేడెక్కేదాన్ని,
గోడ వారనే నా నడక.
భూమేశ్ యాభై రెండేళ్లొచ్చినా
రెండేసి మెట్లు దాటతాడు, కింద పడేదాకా మానడు.

వార్నిష్ వేసి అట్ట కట్టాను:
"తడి ఉంది. ముట్టుకోవద్దు."
ఆషాఢం ముసురు. ఒక్కరోజులో ఆరాల్సింది
మూడు రోజులూ వేలికి అంటుతూనే ఉంది.
ఇల్లంతా చేతులు కట్టుకుని ఎక్కి దిగింది
కొలువులో కొత్తగా చేరినవాళ్లలా.

మూడోనాడు తెల్లారకముందే లేచాను,
ఆరిందో లేదో చూద్దామని.
పైవాటా జసింత సిస్టర్
రాత్రి డ్యూటీ నుంచి అప్పుడే వస్తోంది.
పదకొండేళ్లుగా ఆ వేళకే వస్తుంది.
నిద్రలో చెప్పుల చప్పుడు విన్నానే గాని
ఎక్కుతున్న మనిషిని ఎప్పుడూ చూడలేదు.

మలుపు దగ్గర ఆగింది.
కుడిచెయ్యి దానంతటదే లేచింది.
అట్ట గుర్తొచ్చిందేమో,
చెక్కకి అంగుళం పైన ఆగిపోయింది.
రాత్రంతా ఎవరెవర్ని లేపిందో, ఎవర్ని లేపలేకపోయిందో,
ఆ బరువు గాలికే ఆనించి
ఒక్క ఊపిరి తీసుకుంది.
మళ్లీ ఎక్కింది.

ఆ చెయ్యి ఆగినచోట, కింద,
సరిగ్గా ఆ జానెడు.

నాలుగోనాడు అట్ట తీసేశాను.
సాయంత్రం డ్యూటీకి దిగుతూ తనే మెచ్చుకుంది,
వేరే ఇంట్లోంచి దిగుతున్నట్టుందని.
ఆనక మలుపు దగ్గర వంగి
కళ్లజోడు పైకి తోసుకుని,
"ఇక్కడొక్కచోటే వెలిసినట్టుంది చూడండి.
ఇంకో పూత వెయ్యరాదూ?"

వేస్తానన్నాను.

డబ్బాలో పావు లీటరు ఉంది ఇంకా.
మూత బిగించి, బనీను ముక్క చుట్టి,
అందనంత పైన
సజ్జా మీద పెట్టాను.