నీలి నక్క, జహ్రా మిద్దె మీద

రాత్రి పదకొండైనా గనీమాకు నిద్ర రాదు.
"పెంచా, కథ" అంటాది.
పెంచలమ్మలో సగమే దాని నోటికి పట్టింది,
మిగతా సగం పొడుగైపోయిందని
వాళ్ళమ్మ మొదటి రోజే కోసేసింది.

నాకొచ్చిన అరబ్బీ గిన్నెలకూ బట్టలకూ సరిపోతాది,
మొసలికి చాలదు.
అందుకని నేల మీద బోర్లా పడి పాకుతా.
గుండెకాయ చెట్టు మీద మరిచొచ్చినానని కోతి అంటే
గనీమా లేచి కూచుంటాది: "కజ్జాబ్! అబద్ధాలకోరు!"
బతకాల గదమ్మా అంటా.
"మొసలి ఎట్ల నమ్మింది?"
నమ్మాలనుంటే ఏదైనా నమ్ముతారు.
ఈ మాట మాత్రం తెలుగులో, లోపల్లోపలే.
ముగ్గురే మనుషులు, వంటొక్కటే పని అని
రాయచోటి బస్టాండులో సుబ్బయ్య చెప్తే నేను నమ్మలా?
ఈ ఇంట్లో చెప్పులే పదకొండు జతలు.

దానికి బాగా ఇష్టం నీలి నక్క.
కుక్కలు తరిమితే నీలిమందు తొట్లో పడి
కొత్త రంగుతో లేచిన నక్క.
అడివంతా దండం పెట్టింది,
సింహం వేటాడి తెచ్చి కాళ్ళకాడ పడేసింది.
ఒక వానరాత్రి దూరాన నక్కలు ఊళ పెడితే
ఇది కూడా మూతి పైకెత్తింది. అంతే.
"రాజు గదా! నోరు మూసుకోని ఉండొచ్చు గదా!"
పిచ్చిది లేమ్మా అని లైటు తీసేసేదాన్ని.

నన్నూ ఒక తొట్లో ముంచే పంపినారు.
పాస్‌పోర్టులో వయసు ఏడేండ్లు పెరిగింది.
బిడ్డలు లేరని చెప్పు అన్నాడు సుబ్బయ్య.
దిగినాక లేత నీలం గౌను, తెల్ల పట్టీ.
పిల్ల ముందర మీ భాష వద్దంది మామా.
జేన్, మామా.
రెండేండ్లుగా జేన్ తప్ప నా నోట్లో ఇంకోటి మొలవలా.

మొన్న నవంబరులో వాన పడింది.
గుడ్డలు తీయను మిద్దె మీదికి ఉరికినా.
నీళ్ళ ట్యాంకుల సందున, డిష్ గొడుగుల అవతల
పక్కింటి మిద్దె మీద ఎవరో ఆడమనిషి
జారిపోయిన దుప్పటిని తిడతాంది:
"నీ పాడె గట్ట! నిన్ననే గదే నిన్ను ఉతికింది!"

అది పుల్లంపేట తిట్టు.
ఆ 'ట్ట' మీద అంత బరువు
ఇంకే ఊర్లోనూ పెట్టరు.

రెండేండ్లు మూసిన నోరు, ఇంకో నిమిషం ఏం లెక్క.
మూతి దానంతటదే లేచింది.
"ఓ అక్కా! ఏం కూర చేసినావే?"
ఊరడగలా, పేరడగలా,
కూర ఎందుకడిగినానో నాకే తెలీదు.
గోడవతల నవ్వో ఏడుపో, వానలో తేలలా:
"గోంగూర యాడ దొరుకుతాది తల్లీ, పాలకూరే!"

తిరిగి చూస్తే మెట్ల కాడ గనీమా,
ఒళ్ళంతా చెవులు చేసుకోని.

పొద్దున పళ్ళెం మీద స్పూను కొడతా
"ఓ అక్కా! ఏం కూల?" అనింది, ఇల్లెగిరిపొయ్యేట్టు.
మామా చేతిలో చాయ్ ఆగింది.
నా కాళ్ళలో నెత్తురాగింది.
"ఏందది? ఎవరు నేర్పినారు?"
పిల్ల నా దిక్కు చూడను కూడా చూడలా.
"వావీ, మామా. నక్క అట్లే అరుస్తాది. టీవీలో చూసినా."
మామా నమ్మింది.
చాయ్‌లో ఇంకొక చెంచా చక్కెర వేసుకుంది.

ఆ రాత్రి నక్కను చంపబుద్ధి కాలా.
ఊళ పెట్టింది, వాన కురుస్తానే ఉంది,
అవతల గుట్ట మీది నక్క పలికింది అని ఆపేసినా.
"తరవాత?"
తరవాత ఏముంది, పాలకూర వండుకున్నాయి.
"కజ్జాబ్" అని
నా గౌను కొస గుప్పిట పట్టుకోని
అటు తిరిగి పండుకుంది.