కుడి చెవి

చీమకుర్తిలో పదకొండేళ్లుగా
గ్రానైట్ పాలిష్ మిషన్ పక్కన నిలబడుతున్నా.
నా కుడి చెవి కంపెనీ దగ్గరే ఉండిపోయింది.
జీతం చీటీలో ఆ కోత ఎక్కడా కనబడదు.

ఎడమది ఉంది.
దాంతోనే బేరాలు, దాంతోనే తిట్లు,
ఫోనూ అటువైపే.
రోడ్డు దాటేటప్పుడు మాత్రం
రెండుసార్లు తల తిప్పుతా.

ఒంగోలులో నెట్ సెంటర్ మూసేస్తుంటే
పద్దెనిమిది వందలకి కంప్యూటర్ కొన్నా,
రెండు అక్షరాలు ఊడిన కీబోర్డుతో సహా.
అందులో ఆడాసిటీ ఎక్కించిన కుర్రోడు డబ్బులడగలేదు.
"ఇది ఎవురి సొత్తూ కాదన్నా.
లోపల ఎట్టా అల్లారో కూడా ఇప్పి చూసుకోవచ్చు."
విప్పినా నాకర్థం కాదులే గానీ
విప్పొచ్చు అన్న మాట నచ్చింది.
మా దగ్గర మిషన్ మూత తీస్తే
ఆ పూట కూలి పోతుంది.

మా నాయన ఏసేబు పలక కొడతాడు.
పెళ్లిళ్లకి బ్యాండు సెట్లొచ్చాక
ఆయన్ని చావులకే పిలుస్తున్నారు.
ఓ ఆదివారం పొద్దుగూకాక
వరిగడ్డి మంట మీద పలక కాచి,
గోటితో తట్టి, తల అడ్డంగా ఊపి, మళ్లీ కాచి,
"ఇప్పుడు పట్టుకో" అన్నాడు.
నూట ఇరవై రూపాయల మైకు
దండెం మీద, చొక్కాల మధ్య వేలాడదీశా.
ఆయన నా కుడి పక్కన కూర్చున్నాడు.
చిర్ర ఒక దెబ్బ, చిటికెన పుల్ల మూడు.
తెర మీద నీలం గీత
క్వారీ అంచులా లేచింది, లోపలికి కూలింది.

మధ్యలో ఒకచోట గీత మీద చిన్న పొక్కు.
దగ్గనుకున్నా.
వినకుండానే, చూసి కోశా,
కింది ట్రాక్‌లో పడేసి మ్యూట్ నొక్కా.

గూడూరు షంషాదు మొహం నేనెరగను.
ఆ పిల్ల ఒకసారి హార్మోనియం పంపితే
కింద పలకేసి తిప్పి పంపా, అంతే పరిచయం.
ఈసారి వండిన కూర కాదు,
కోతలూ కుట్లూ కనబడేట్టు
మొత్తం సామానే పంపా.
"ఏం మార్చుకుంటావో మార్చుకో.
కుడివైపు నాకు వినపడదు,
అటుపక్క నువ్వు చూసుకో" అని రాశా.
రాశాక సిగ్గేసింది. ఇంట్లో కూడా
ఆ మాట అంత సూటిగా చెప్పలేదు.

నాలుగు రోజులకి తిరిగొచ్చింది.
ఎడమవైపు నాదే, అట్నే ఉంది.
కుడివైపు గీతలు కదులుతున్నాయి,
అద్దం అవతల మాట్లాడే మనుషుల్లా.
కాసేపు చూస్తా కూర్చున్నా.
తర్వాత హెడ్‌ఫోన్లు తీసి
తిరగేసి పెట్టుకున్నా.

ముందు హార్మోనియం,
ఒక్క మెట్టు మీదే, వేలు తీయకుండా.
దాని మీద దగ్గు.
అప్పుడు పలక ఆగింది,
నేను ఆపని చోట.
మా నాయన గొంతు:

"ఇనపడతందా అబ్బయా?
ఇటు పక్కకి జరగనా?"

ఆ రోజు నేను జవాబివ్వలేదు.
మంట వైపు చూస్తున్నా.
ఆయన కాసేపు చూసి
చిర్ర అందుకుని ఉంటాడు.

పొద్దున నాయనకి వినిపించా.
పలక గురించి ఏమీ అనలేదు.
"ఆ పిల్ల ఎంత తీసుకుంది?" అన్నాడు.
ఏమీ తీసుకోలేదు.
పేర్లు రాసే చోట నీ పేరు, నా పేరు,
చివర్న తన పేరు.
"నాది ముందా?"
ముందే.

నిన్న ఉదయగిరి నుంచి ఎవరో
రెండు చెక్క గరిటెల చప్పుడు చేర్చి పంపారు.
తాళం కాస్త పరిగెడుతోంది.
సరిచెయ్యాలో, అట్నే ఉంచాలో తేలక
మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నా.
ఆరింటికి షిఫ్టు.
నాయన లేచి వచ్చి
మంచం మీద కూర్చున్నాడు,
ఎడమ పక్కన.