పసుపు గీత

రొట్టెల బండి నాది.
మూడింటికి మ్తాతాలో బేకరీ వెనక తలుపు తెరుచుకుంటుంది.
వేడి ట్రేలు ఎక్కించేసరికి
నా స్వెటర్ కూడా రొట్టె వాసనేస్తుంది.
ఎన్-టూ రోడ్డు మీద కుంబు దాకా, అక్కణ్ణించి మౌంట్ ఫ్రేర్ దాకా
పోవడానికొక వరస, రావడానికొక వరస,
ఎడమ అంచున పసుపు గీత.
గీత అవతల బారెడు తారు,
ఆ తర్వాత గడ్డి, కొండ, ఎవరిదో మేక.

ఈ దారి మర్యాద నాకు నేర్పింది జ్వెలాఖే.
ముప్పై ఏళ్ళు కలప లారీ తోలినవాడు.
లైసెన్సు పుస్తకంలో లేని పాఠం
యాపిల్ కొరుకుతూ చెప్పాడు:
"వెనక తరుముకొచ్చేవాడికి ఏదో ఉంటుందమ్మాయ్.
పురుడో, చావో, ఉత్త పొగరో.
అడగడానికి నీకు వీలుండదు.
గీత దాటి పక్కకు జరుగు.
వాడు ముందుకెళ్ళి
నాలుగు దీపాలూ రెండుసార్లు మినుకుమనిపిస్తే
ఎంకోసి అన్నట్టు.
నువ్వు పెద్ద దీపాలు ఒక్కసారి కొట్టు,
పర్లేదులే అన్నట్టు.
అంతే. పేర్లక్కర్లేదు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఇక్కడ నోటి పని దీపాలు చేస్తాయి.

పదకొండేళ్ళుగా జరుగుతున్నాను.
నెత్తిన పరుపులు కట్టుకుని
పదహారుమందిని కుక్కుకున్న టాక్సీలు కూడా
ఎంకోసి చెప్పకుండా పోలేదు.
ఒకసారి శవపేటిక ట్రెయిలర్ లాక్కుపోతున్న బండి
మూడుసార్లు చెప్పింది.
ఏ తొందరా లేనివాణ్ణి మోస్తూ!
చెప్పనివాళ్ళూ ఉంటారు.
వెండిరంగు కారొకటి అలా పోతే
త్సిత్సా వంతెన దాకా సణుక్కున్నాను,
వాడికేదో అప్పిచ్చినట్టు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున
టీనా లోయ నిండా మంచు, పాలు పొంగినట్టు.
వెనక దీపాలు ఒకసారి, రెండుసార్లు.
నేనేమీ అనుకోలేదు.
నా చెయ్యే ఎడమకు తిరిగింది.

ముందు కనబడింది బూట్లు.
గాలిలో ఊగుతున్న నల్ల బూట్లు, ఒక జత.
తర్వాత వాటిని పట్టుకున్న చెయ్యి.
తర్వాత స్కూలు గౌను.

వెనక్కి లాగానో, బండే లాక్కుందో.
ట్రేలు ఒకదాని మీదొకటి కూలాయి.
వెనకవాడు హారన్ మోగిస్తూ దాటుకుపోయాడు,
దీపం చూపలేదు.
చూపి ఉంటే ఇంకా బాధపడేదాన్నేమో.

బండాపి వెనక్కి నడిచాను.
పిల్ల గడ్డిలో నిలబడి ఉంది,
మోకాలి దాకా తడి.
ఏడవలేదు. బూట్లు లెక్కపెట్టుకుంది,
ఒకటి, రెండు.
"చూడలేదమ్మా," అన్నాను,
"వెనకాయన తొందరలో ఉంటే దారిచ్చాను."
పిల్ల పసుపు గీత వైపు చూసింది.
"ఇది నేను నడిచేది," అంది.
ఊరు పేరు చెప్పినంత మామూలుగా.

పేరు సినాజో అట. ఆరో తరగతి.
మంచుకు బూట్లు పాడవుతాయని
స్కూలు గేటు దగ్గర తొడుక్కుంటుందట.

జ్వెలాఖేకి చెప్పాను.
యాపిల్ నమలడం ఆపాడు.
చాలాసేపు కిటికీలోంచి చూసి
"ఒకసారి నాకూ," అన్నాడు.
ఆ మాట అక్కడే వదిలేశాడు.
నేనూ అడగలేదు.

ఇప్పటికీ జరుగుతాను,
ఎండ కాస్తే, ఆ అంచు చివరంటా ఖాళీగా కనిపిస్తే.
మంచులో మాత్రం జరగను.
వెనకవాళ్ళు దీపాలు కొడతారు, తిడతారు,
నా బండి వెనక రాసిన ఫోన్ నంబరుకు
ఫిర్యాదు కూడా చేస్తారు.
యజమాని అడిగితే
ఇంజన్ కొండెక్కలేదంటాను.

టీనా మలుపులో ఆ పిల్ల కనిపిస్తే
వేగం తగ్గించి
నాలుగు దీపాలూ రెండుసార్లు మినుకుమనిపిస్తాను.
ఒక బూటు పైకి లేస్తుంది.
వెనకవాడికేం తెలుసు,
వాడికే చెప్పాననుకుని
ఏం చేశానబ్బా అని
కుంబు కొండంతా ఆలోచిస్తూ వస్తాడు.