ఆఖరి అట్ట లోపల

పొద్దుగాల నల్లా రాకముందే లేస్త.
బైబిలు ఆఖరి అట్ట లోపల
నీలం పెన్నుతోని రాసుకున్న పేర్లు ఐదు.
మా నాయిన లచ్చయ్య. మా అమ్మ బుచ్చమ్మ.
పెనిమిటి పేరు నోటితోని తియ్యను,
రాసిన గనుక ఏలు పెడ్త.
అక్క అంజమ్మ. తమ్ముడు సైదులు.

డిండి కాలువల మునిగి లేచిన నాడు
పాస్టరమ్మ తడి కొంగు పిండుకుంట చెప్పింది:
ఇంటిల్లిపాదినీ అడుగు బిడ్డా, ఒక్కరినీ ఇడిచిపెట్టకు.
అప్పటిసంది అడుగుతున్న.

నాయిన పేరు కాడ నాయిన కాళ్లు యాదికొస్తయి.
బోరు నీళ్లు తాగి తాగి ముడుసుకపోయిన కాళ్లు.
నేను మోకరిస్తే మంచం మీదికెల్లి నవ్వుతడు:
"ఇరువై ఏండ్ల సంది వంగే ఉన్న బిడ్డా,
మీ దేవునికి ఇంకెంత వంగాలె?"

పెనిమిటికి, కల్లు దుకాణం నుంచి ఇంటిదాక తొవ్వ అడుగుత.
ఆ తొవ్వల రెండు బాయిలున్నయి.

అక్క కాడ మాత్రం తప్పు చేస్త.
బతుకమ్మ కాడ అక్క ఎత్తుకుంటే
వాడంత మల్లి చూస్తది.
ఆ గొంతు మా ఆదివారం కూడికకు ఇయ్యమని అడిగి,
సిగ్గుపడి, మాట దిద్దుకుంట:
గొంతు కాదు ప్రభువా, అక్కను.

సైదులు
జాన్‌పహాడ్ సైదన్నకు మొక్కితే పుట్టిండు.
ఒకరికి మొక్కి కన్న పిల్లగాన్ని
ఇంకొకరికి అప్పజెప్తున్ననని అమ్మకు నా మీద కోపం.
వాడు బోరు బండి మీద రాడ్లు ఎక్కిచ్చేటోడు.
చింతపల్లి అవతల ఏడు వందల ఫీట్లకు
నీళ్లు పడ్డనాడు ఫోన్ చేసి
"అక్కా, నీ పార్థన పనిచేసిందే" అని ఎక్కిరిచ్చి నవ్విండు.

ఆ నవ్వు ఒప్పుకోలు కింద లెక్కకొస్తదా ప్రభువా?

అదే వారం మాల్ రోడ్డు మీద బండి తిరగబడ్డది.
ఐదుగురు బతికిండ్రు.

సచ్చినోళ్ల కోసం ప్రార్థన లేదమ్మా అన్నడు పాస్టరయ్య.
మెల్లగనే అన్నడు. ఆయన కండ్లల్ల కూడ నీళ్లున్నయి.
పేరు కొట్టెయ్యమని అనలే,
కొట్టెయ్యొద్దని సుత అనలే.
మూడు దినాలు పెన్ను మూత తీసి పెట్టి కూసున్న.
సిరా ఎండింది.

ఇప్పుడు నాలుగు పేర్లకు అడుగుత.
ఐదోది ఉత్తగ సదువుత.
సదివి, కొద్దిసేపు ఆగుత.
ఏమీ అడుగను గనుక అది ప్రార్థన గాదు,
ప్రార్థన గాదు గనుక తప్పు గాదు.

ఒకనాడు అమ్మ చీపురు పట్టుకొని కడప కాడ నిలవడ్డది.
"ఇయ్యాల వాని పేరు సదివినవా?"
ఈ ఇంట్ల ఆ పేరు తీసేటోళ్లు లేరు.
నాయిన "పిల్లగాడు" అంటడు, అక్క మాట మారుస్తది.
మర్నాడు అమ్మ గోడ కాడ కూసున్నది.
పత్తి ఏరుడు అయిపోయే యాళ్లకు చాప మీదికొచ్చింది.
పాస్టరమ్మకు చెప్తే చేతులు జోడిచ్చి మురిసింది,
చూసినవా, వింటున్నడు అని.
అమ్మ దేనికొస్తదో నేను చెప్పలే.

నిన్న పగిలిన ఏలు అట్ట మీద పెట్టి అడిగింది:
"వానిదేది?"
చూపిచ్చిన.
"నాదేది?"
రెండోది. నడుమ ఇద్దరు.
అక్షరం రాని నా తల్లి ఆ జాగను ఏలితోని కొలిచింది.
"వాడు లేని కాడికి పిలువమనేనా
నా కోసం రోజూ అడుగుతున్నవు?"

నల్లా వచ్చింది. బిందె కింద లేదు.
క్రిష్ణ నీళ్లు బండ మీద పడి మోరీకి పోతున్నయి.
ఇద్దరం లేవలే.

ఇయ్యాల పొద్దుగాల కొత్త పెన్నుతోని
తమ్ముని పేరు పక్కకు అమ్మ పేరు మళ్ల రాసిన.
పైది కొట్టెయ్యలే.
ఏది చెల్లుతదో నీకే ఎరుక.
సదివిన. ఆగిన.
ఆమెన్ అనవలసిన కాడ
అమ్మ మెల్లగ "సైదులూ" అన్నది.

నేను దిద్దలే.