ఒక్క ప్లగ్గు

సోమశిల రేవు కాడ ఏడు డేరాలు,
ఒక్క మీటరు, ఒక్కటే పెద్ద ప్లగ్గు.
ఆ ప్లగ్గు మా చాపల ఫ్రీజర్‌ది.
ఎవ్వరికీ ఇయ్యకని చెప్పి
కుర్మయ్య పడవెక్కిండు, అమరగిరి దిక్కు.

పొద్దుగూకినంక వచ్చింది కారు,
సప్పుడు లేకుంట.
మా కర్రె కుక్క గూడ మొరగలే.
తోక పక్కన చక్రం ఆగినంక లేచి
ఇజ్జత్ పోయినట్టు చూసింది.

నీలం రంగు కారు, నెత్తి మీద మడతవెట్టిన డేరా,
లోపల ఒకాయన, ఒకామె,
ఎనక సీట్ల కుండీల కరివేపాకు మొక్క.
"తొమ్మిది పర్సెంటే ఉందమ్మా" అన్నడు,
దవాఖాన్ల బీపీ చెప్పినట్టు.
"కొల్లాపూర్ల మిషిన్ ఉందని ఫోన్ల చూపిచ్చింది.
పోయి చూస్తే గోనెసంచి కప్పి ఉంది."
గోనెసంచి కప్పిన మిషిన్లు నాకేం కొత్తగాదు.

ఫ్రీజర్ల పద్నాలుగు కిలోలు.
బొచ్చెలు, రవ్వలు, ఇంక
పొద్దున్నే వనపర్తి హోటలుకు పొయ్యే కొర్రమట్టలు రెండు.
"రెండూ ఒకటేసారి పెడితే?" అన్నదామె.
పోయినేడు పెట్టినం.
స్తంభమెక్కి వైరు చుట్టిన మా మరిది చేతికి
ఇంకా ఉంది మచ్చ.

లెక్క చూసుకున్న.
మూత తెరవకుంటే తెల్లారిందాక మంచు నిలుస్తది.
మనుమరాలు ఐసుకోసం తెరుస్తదని
మూత మీద రాయి పెట్టిన.
ఫ్రీజర్ తీగ పీకిన.
ఇరవై ఏండ్లసంది పక్కల ఉన్న గురక ఆగినట్టు
రేకుల కొట్టు నిమ్మలమైంది.

నోటుబుక్కుల రాసిన:
రాత్రి ఎనిమిది నలభై.
మీటరు నాలుగు వేల నూట ఇరవై ఏడు.
యూనిటుకు పది.

ఆయన గంటకోసారి లేచి ఫోను చూస్తడు.
పదహారు. ఇరవై మూడు.
పొయ్యి మీది పాలు చూసే కొత్తకోడలు లెక్క.
నేను గూడ లేస్తున్న, చెప్పలే.
ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూస్తున్న.
జెరమొచ్చిన పిల్ల నొసలు లెక్క ఎచ్చగుంది.
తడిబట్ట ఏద్దామని లేసి,
కరెంటని యాదికొచ్చి కూసున్న.

ఒంటిగంటకు ఆమె వచ్చి నా పక్క మెట్టు మీద కూసుంది.
"ఈ కరెంటు ఏడికెళ్లి వస్తదక్కా?" అన్నది, ఊరికెనే.
చేత్తోని నీళ్ల దిక్కు చూపిచ్చిన.
కింద ఈగలపెంట కాడ తిప్పుతరు, ఈ నీళ్లనే.
ఎండకాలం నీళ్లు గుంజితే
అగో, ఆ పడవ లైటు ఉన్న జాగల
మా నాయిన కట్టిన గోలెం అంచు తేలుతది.
అంతే చెప్పిన.
ఆమె నీళ్లను చూసింది, కారును చూసింది,
వైరు పొడుగునా చూపు నడిపిచ్చింది.
ఏం మాట్లాడలే. మంచిదే.
మాట్లాడితే పాపం అంటది,
నాకు ఆ మాట పడది.

మూడింటికి కరెంటు పోయింది.
నలుగురం లేచినం, కుక్కతోని కలిపి.
ఆయన చీకట్ల కారు చుట్టూ తిరిగిండు,
ఈనే బర్రె చుట్టూ తిరిగినట్టు.
నేను ఫ్రీజర్ మూతకు చెవి పెట్టిన.
నలభై నిమిషాలు.

తెల్లారంగ అరవై ఆరు.
"పట్నం దాకా సాలదు, కల్వకుర్తిల చూసుకుంటం" అన్నడు.
ఇరవై నాలుగు యూనిట్లు. రెండొందల నలభై.
అయిదొందలు ఇచ్చి ఉంచుకొమ్మన్నడు.
యూనిట్లు యూనిట్లే అని చిల్లర లెక్కవెట్టి ఇచ్చిన.
ఎట్ల వచ్చిందో అట్లనే పోయింది కారు.
ఇసుకల గీతలు లేకుంటే
రాలేదన్నా నమ్ముతరు.

తీగ మళ్ల పెట్టిన. గుర్రుమన్నది.
రాయి దించి మూత లేపిన.
కొర్రమట్టలు రాయి లెక్కనే ఉన్నయి.
మీదున్న బొచ్చె ఒక్కటి
వేలు పెడితే లోపలికి పోయింది.
కుర్మయ్యకు చెప్పాల్నా, కూర వండాల్నా?

పడవ వస్తున్నది.
డీజిలుది గదా,
దూరం నుంచే చెప్పుకుంట వస్తది.